అరచేతి మాట

విమానం నేల మీద ఉన్నంతసేపే అది లిసాండ్రో పరాలెస్‌ది. చక్రాలు నేలను వదిలాక దాని మంచిచెడ్డలు చూసుకునేవాళ్ళు వేరే ఉన్నారు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా అతని బతుకు ఇదే. తెల్లవారగానే విమానాన్ని నిద్ర లేపడం, చక్రాల కింద దిమ్మలు లాగెయ్యడం, అది రన్‌వే వైపు పోతుంటే టోపీని నెత్తికి అదిమిపట్టుకుని నిలబడటం. అది లేపిన దుమ్మంతా తర్వాత నెమ్మదిగా వచ్చి అతని మీదే వాలేది. ఆ దుమ్ము దులుపుకుంటూ షెడ్డులోకి నడిచివచ్చే నాలుగు నిమిషాలూ రోజు మొత్తం మీద అతనికి గిట్టని సమయం. అప్పటిదాకా చుట్టూ అరిచిన మనుషులూ, ఏడ్చిన పిల్లలూ, కాళ్ళు కట్టించుకుని కొట్టుకున్న కోళ్ళూ, అందరూ ఆకాశంలో ఒక్క చుక్కలోకి దూరిపోయేవాళ్ళు. మిగిలేది అతనూ, అతని చేతిలో ఎర్ర గుడ్డపీలికలు కట్టిన రెండు ఇనప మేకులూ. నేల మీద ఉండగా చక్రాలు మడుచుకుపోకుండా దూర్చి ఉంచే మేకులవి. వాటిని తీసి, కెప్టెన్‌కి కనపడేట్టు పైకెత్తి చూపించాకే విమానం కదలాలి.

వియావిసెన్సియో ఊరు దాటి తూర్పుకు పోతే గడ్డిమైదానాలు, అవి అయిపోయిన చోట అడవి. అడవిలోని ఊళ్ళకు రోడ్డు లేదు. ఉల్లిపాయలు పోవాలన్నా, సిమెంటు పోవాలన్నా, పురుడు పోసుకున్న కూతురు చంటిబిడ్డతో తిరిగి పోవాలన్నా ఆ పాత విమానమే దిక్కు. తోక నేలకు ఆనించి, ముక్కు పైకెత్తి, ఏదో వాసన పడుతున్నట్టు కూర్చుని ఉండేది. లిసాండ్రో కంటే వయసులో పెద్దది. అందులో అతను ఎక్కింది ఒక్కసారే. లా గార్సా అనే అడవి ఊరి దాకా పోయి వచ్చాడు, సిమెంటు బస్తాల మీద కూర్చుని. కిందంతా అడవి ఎలా ఉందని తిరిగొచ్చాక అడిగితే చెప్పలేకపోయాడు. దారి పొడుగునా కళ్ళు మూసుకుని ఇంజన్లు వింటూ కూర్చున్నాడట.

షెడ్డు వెనకాల రేకుల గదిలో అతని కాపురం. కాపురమన్నది మాటవరసకే. ఒక వలఊయల, ఒక పొయ్యి, ఒక రేడియో. ఇంజన్ల పక్కన నిలబడి నిలబడి చెవులు సగం పోయాయి కాబట్టి రేడియో గట్టిగా పెట్టేవాడు. పాట వినడానికి కాదు, గదిలో ఎవరో ఉన్నట్టుంటుందని. ఎదిల్మా అని ఒకామె ఆరేళ్ళు ఆ గదిలో ఉంది. "నువ్వు ఇంజన్‌తో మాట్లాడే మాటల్లో పదోవంతు నాతో మాట్లాడినా ఉండేదాన్ని" అని ఒకరోజు సంచీ సర్దుకుంది. ఆమె చెప్పింది అబద్ధం కాదు. కానీ అతను ఎందుకలా అయ్యాడో ఆమెకు తెలియదు. ఎవరికీ తెలియదు. ఆ సంగతికి వస్తాను.

ఆ రోజు మార్చి నెలలో ఒక మంగళవారం. పడమటి కొండల మీద మబ్బు అప్పుడే కిందికి జారుతోంది. బెర్తీల్దా తన రెండు ఫ్లాస్కులూ చక్రాల బండి మీద పెట్టుకుని షెడ్డు దగ్గరికి వచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఆమె కాఫీ తాగనిదే ఆ విమానాల మైదానంలో ఇంజన్ తిరగదు.

లిసాండ్రో చెయ్యి చాపాడు. ఆమె కప్పు ఇవ్వలేదు.

"ఇవాళ కూడా ఎడం చెయ్యేనా? ఆ కుడిచెయ్యి ఎవరికి అద్దెకిచ్చావు?"

"అది పడుకుంది. లేపకు."

"ఎనిమిది నెలల్నించీ పడుకుందా? మా ఆయన కూడా ఇట్లాగే మోకాలు దాచాడు. ఆఖరికి పెళ్ళి ఊరేగింపులో అందరి ముందూ బోర్లా పడి చూపించుకున్నాడు."

"కాఫీలో చక్కెర ఎక్కువ పోస్తావు, మాటల్లో అసలు పొయ్యవు."

"మాట మార్చకు, పెద్దమనిషీ. డాక్టరుకి చూపించావా?"

"చూపించాను."

"ఏమన్నాడు?"

"బెర్తీల్దా కాఫీ తాగడం మానెయ్యమన్నాడు."

ఆమె నవ్వేసి కప్పు చేతిలో పెట్టింది. అతను చూపించలేదని ఆమెకు తెలుసు.

జులైలో నూనె పీపా దించుతుంటే జారింది. పట్టుకోబోయాడు. భుజంలో ఏదో తడిగుడ్డ చిరిగినట్టయింది. అప్పట్నించీ కుడిచెయ్యి భుజం ఎత్తు దాటి లేవదు. తొయ్యడం వచ్చు, లాగడం వచ్చు, పళ్ళు బిగిస్తే. లేపడమే రాదు. ఎవరికీ చెప్పలేదు. ఎందుకంటే కొత్త సంవత్సరం రోజు, దూడమాంసం కాల్చుకుని అందరూ గుండ్రంగా కూర్చున్నప్పుడు, యజమాని బీరుసీసా ఊపుతూ అన్నాడు: "గేటు దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది, దోన్ లిసాండ్రో. పన్నెండు ఆకులు తిప్పలేని రోజు ఒక్క మాట చెప్పండి, నీడపట్టున కూర్చోబెడతాను." మంచి మనసుతోనే అన్నాడు. అందరూ నవ్వారు. లిసాండ్రో కూడా నవ్వాడు. గేటు దగ్గర కూర్చుంటే రన్‌వే కనపడదు. మధ్యలో గోదాములు అడ్డం. వచ్చే లారీల నంబర్లు రాసుకోవడం, గేటుకు అడ్డంగా ఉండే తాడు దించడం, ఎత్తడం. అతన్ని మర్యాదగా దోన్ లిసాండ్రో అని పిలిచే నలుగురైదుగురూ గోదాములకు ఇవతలే, రన్‌వే పక్కనే ఉంటారు.

పన్నెండు ఆకులంటే ఇది. ఆ పాత ఇంజన్లలో సిలిండర్లు గుండ్రంగా, పువ్వు రేకుల్లా అమర్చి ఉంటాయి. రాత్రంతా కదలకుండా నిలబడితే నూనె బొట్టు బొట్టుగా కిందికి దిగి, అడుగు సిలిండర్లలో చేరుతుంది. పొద్దున్నే దాన్ని చూడకుండా స్టార్టర్ నొక్కితే పిస్టన్ వచ్చి ఆ నూనెను గుద్దుతుంది. నూనె నలగదు. నలిగేది పిస్టన్‌ను మోసే ఇనప కడ్డీ. అందుకని ముందు ఇంజన్ ముక్కున ఉండే పంకాని చేత్తో తిప్పాలి. ఒక్కో పంకాకి మూడేసి ఆకులు. ఒక ఆకుని కిందికి లాగి, వదిలి, పక్కది అందుకుని, అలా పన్నెండు లెక్కపెట్టాలి. లోపల నూనె ఉంటే మధ్యలో ఎక్కడో పంకా గోడకు తగిలినట్టు ఆగిపోతుంది. అప్పుడు అడుగున ప్లగ్గులు విప్పి నూనె వంచెయ్యాలి. ఒక గంట పని. ఒక్కటి మాత్రం చెయ్యకూడదు. పంకాని వెనక్కి తిప్పకూడదు. తిప్పితే ముందుకు దారి దొరుకుతుంది, నిజమే. కానీ నూనె బయటికి పోదు. గాలి లోపలికి పోయే గొట్టంలోకి వెళ్ళి దాక్కుంటుంది. ఇంజన్ అంటుకున్నాక తిరిగి సిలిండర్లోకి వస్తుంది. కడ్డీ వెంటనే విరగదు, కొంచెం వంగుతుంది. విరగడం ఎప్పుడన్నది దాని ఇష్టం.

పైన కూర్చున్న కెప్టెన్‌కి ఇవేవీ కనపడవు. అందుకే ఆ మైదానంలో పాతకాలం నుంచీ ఒక అలవాటుంది. తిప్పినవాడు పన్నెండో ఆకు కాగానే ఇంజన్ మీది రేకు డొప్పని అరచేత్తో మూడుసార్లు చరుస్తాడు. లోపల శుభ్రంగా ఉందని అర్థం. ఆ మూడు దెబ్బలూ వినపడనిదే ఏ కెప్టెనూ చెయ్యి స్విచ్చి మీద పెట్టడు. కాగితం మీద సంతకాలు తర్వాత వచ్చాయి. ఇప్పుడు కాగితం కూడా ఉంది. కానీ కెప్టెన్లు చెవి పెట్టేది ఆ దెబ్బలకే.

ఆ అలవాటు లిసాండ్రోకి నేర్పినవాడు కుస్తోదియో. గడ్డిమైదానాల్లో పశువులు కాసే ఇంటి నుంచి వచ్చిన ఇరవై ఎనిమిదేళ్ళ లిసాండ్రోని చేరదీసి, మెడ మీద ఒకటిచ్చి పని చెప్పినవాడు. "ఇంజన్‌ని చెవితో వినేవాడు సగం మెకానిక్కు. చేత్తో వినేవాడే మెకానిక్కు" అనేవాడు. తండ్రి లాంటివాడు. పనిలో చేరిన ఏడో ఏడు, ఇంకో మార్చిలో, మబ్బు పట్టిన ఒక పొద్దున లిసాండ్రో రెక్క కింద గొంతుక్కూర్చుని తోకచక్రం చూస్తున్నాడు. కుస్తోదియో తిప్పుతున్న పంకా ఎనిమిదో ఆకు దగ్గర ఆగింది. కెప్టెన్ పైనుంచి తొందరపెడుతున్నాడు. కుస్తోదియో అటూ ఇటూ చూశాడు. రెక్క కిందికి చూడలేదు. పంకాని జానెడు వెనక్కి తోసి, ముందుకు లాగాడు. తిరిగింది. పన్నెండో ఆకు కాగానే అరచేత్తో మూడు చరిచాడు.

విమానం లేచింది. తాటిచెట్ల వరస దాటకముందే ఆ ఇంజన్ ఆగిపోయింది. విమానం కూలి ముగ్గురు పోయారు. వాళ్ళలో ఒకామె చేతిలో కేకు పెట్టె ఉంది.

ఇంధనంలో నీళ్ళు కలిశాయని విచారణలో రాశారు. కుస్తోదియో ఆ తర్వాత ఇంజన్ ముట్టుకోలేదు. ఊరి చివర రోడ్డు పక్కన మాంసం కాల్చి అమ్మాడు, పందొమ్మిదేళ్ళు. లిసాండ్రో ఆదివారాలు అక్కడ తినేవాడు. ఇద్దరూ వానల గురించి మాట్లాడుకునేవాళ్ళు. ముసలాయన ఒక్కోసారి ముక్కలు కోస్తూ ఆగి, "ఆరోజు నువ్వెక్కడున్నావురా?" అని అడగబోతున్నట్టు చూసేవాడు. అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో లిసాండ్రో సిద్ధం చేసుకునే ఉన్నాడు: లోపల కాఫీ తాగుతున్నానని. అడగకుండానే ఆయన పోయాడు. లోపల పెట్టుకున్న మాట లోపలే పెద్దదయింది. ఇంకో మాటకు చోటు లేకుండా చేసింది. ఎదిల్మా సంచీ సర్దుకున్నది ఆ రోజుల్లోనే.

మళ్ళీ మంగళవారానికి వస్తే, అడవి ఊరికి ఒక పెద్ద ఫ్రిజ్ పోతోంది. అది తలుపులో అడ్డంగా ఇరుక్కుంది. లిసాండ్రోతో కలిసి పంకా తిప్పాల్సిన వీల్ఫెర్ అక్కడ కేకలేస్తున్నాడు. వీల్ఫెర్‌కి నలభై దాటాయి, బట్టతల, గొంతు మాత్రం సంత గొంతు.

"అయ్యా, మీ ఫ్రిజ్ లావయిందా, నా తలుపు సన్నబడిందా? పక్కకి తిప్పండి! అటుకాదు, ఆ పక్కకి! అదేమన్నా గేదా, తనంతట తను తిరగడానికి?"

"నిదానం బాబూ, అది ఆసుపత్రిది. మందులు పెట్టుకోవడానికి" అన్నాడు ఫ్రిజ్ మనిషి.

కెప్టెన్ మాగ్నోలియా అద్దం తీసి తల బయటపెట్టింది. ముప్ఫై ఆరేళ్ళ మనిషి, చెవులకి చిన్న ముత్యాలు. "దోన్ లిసాండ్రో, మధ్యాహ్నం దాటితే లా గార్సాలో నేల బురదైపోతుంది. ఎంతసేపు?"

"వీల్ఫెర్ రానీ కెప్టెన్."

"ఫ్రిజ్ వదిలేట్టు లేదు. మీరు ఒక్కరే తిప్పలేరా? రెండేళ్ళ కింద రోజూ ఒక్కరే తిప్పేవారు."

ఆమె మాటలో ఏ ముల్లూ లేదు. అతనే దాన్ని ముల్లుగా తీసుకున్నాడు.

"ఎందుకు తిప్పలేను" అన్నాడు.

కుడిపక్క ఇంజన్ లెక్క ప్రకారం పోయింది. ఎడంచేత్తో లాగి, కుడిచేత్తో కిందనుంచి తోసి, ప్రతి ఆకుకీ ఒక ఊపిరి. పన్నెండు. మూడు దెబ్బలు. చెమట కళ్ళలోకి దిగింది. ఎడంపక్క ఇంజన్ దగ్గరికి వచ్చేసరికి భుజంలో నిప్పు పెట్టినట్టుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదో ఆకు సగంలో ఆగింది.

లిసాండ్రో దాని మీదే వాలి నిలబడ్డాడు.

ఆగింది ఇంజనా, తనా? ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఈ ప్రశ్న ఎన్నడూ రాలేదు. నూనె ఉన్న ఇంజన్ ఆగడం వేరు, బిగిసిన ఇంజన్ ఆగడం వేరు, చలికి మొరాయించడం వేరు. ఆ తేడాలన్నీ చెయ్యే చెప్పేది. ఇప్పుడు చేతిని అడిగితే నొప్పి ఒక్కటే చెబుతోంది. ఇంకోసారి లాగాడు. కదల్లేదు. వీల్ఫెర్‌ని పిలవాలి. పిలిస్తే వాడు వచ్చి ఒక్క లాగుడుకి తిప్పేస్తే? నలుగురి ముందూ, ఫ్రిజ్ మనిషి ముందూ. సాయంత్రానికల్లా గేటు దగ్గర కుర్చీ.

భుజమే, అనుకున్నాడు. భుజమే అయ్యుంటుంది.

అటూ ఇటూ చూశాడు. ఎవరూ చూడటం లేదు. ఆకుని జానెడు వెనక్కి తోసి, ఒంటి బరువంతా వేసి ముందుకు లాగాడు. తిరిగింది. ఆరు, ఏడు. పన్నెండో ఆకు అయ్యాక అరచెయ్యి రేకు దగ్గరికి తెచ్చి ఒక్క క్షణం ఆపాడు. కెప్టెన్ చెవి ఇటే ఉంది.

మూడుసార్లు చరిచాడు.

ఫ్రిజ్ లోపలికి పోయింది. మనుషులెక్కారు. తలుపు పడింది. లిసాండ్రో మంటలార్పే ఎర్ర డబ్బా పక్కన పెట్టుకుని కుడిపక్క ఇంజన్ ముందు నిలబడ్డాడు. పంకా తిరిగింది, ఇంజన్ దగ్గింది, తెల్లపొగ కక్కి అందుకుంది. ఇక ఎడంపక్కది. డబ్బా మోసుకుంటూ ముక్కు చుట్టూ తిరిగి వచ్చాడు. తిరిగి వస్తున్నప్పుడు రెక్క కిందికి చూశాడు. తోకచక్రం పక్కన ఖాళీ నేల. అక్కడ ఎవరూ గొంతుక్కూర్చుని లేరు. ఈసారి చూసినవాడు ఒక్కడు కూడా లేడు. ఆ సంగతి అతనికి ఊరటనివ్వలేదు.

పైన కిటికీలో మాగ్నోలియా వేలు గుండ్రంగా తిప్పింది. స్టార్ట్ చెయ్యనా అని. అతను ఒక చెయ్యి పైకెత్తి వేలు తిప్పితే చాలు, స్విచ్చి పడుతుంది. వద్దని చెప్పాలంటే రెండు చేతులూ తల మీదకెత్తి అడ్డంగా పెట్టాలి. కుడిపక్క ఇంజన్ హోరులో అరిచినా వినపడదు.

ఎడంచెయ్యి లేచింది. కుడిచెయ్యి లేవలేదు.

ఒక్క చెయ్యే పైకి లేస్తే అది సరే అన్న గుర్తు. మాగ్నోలియా తల ఊపి, స్విచ్చి వైపు తిరగబోతోంది. లిసాండ్రో ఎడంచేత్తో తన కుడి మణికట్టు పట్టుకున్నాడు. బావిలోంచి బిందె లాగినట్టు ఆ చేతిని లాగి తల మీదికెత్తి అడ్డంగా పట్టుకున్నాడు. నోరు తెరిచి అరిచాడు. అరుపు తనకే వినపడలేదు. చేతులు దించలేదు.

మాగ్నోలియా చూసింది. ముందు గుర్తుని చూసింది, తర్వాత చేతిని చూసింది. కుడిపక్క ఇంజన్ ఆపేసింది.

ఆ నిశ్శబ్దంలో వీల్ఫెర్ పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది? మంటా? లీకా?"

"ఎడంపక్కది వెనక్కి తిప్పాను."

"ఏంటీ?"

"ఐదో ఆకు దగ్గర ఆగింది. వెనక్కి తిప్పి లాగాను. తర్వాత చరిచాను."

వీల్ఫెర్ అతన్ని చూశాడు. పానాల పెట్టె తేవడానికి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది లిసాండ్రోకి.

ప్రయాణికులు దిగి రెక్క నీడలో కూర్చున్నారు. ఎవరో కోడికి నీళ్ళు పట్టారు. వీల్ఫెర్ అడుగు ప్లగ్గులన్నీ విప్పాడు. గొట్టాలు కూడా విప్పాడు. కింద రేకు పళ్ళెం పెట్టాడు. అందరూ పళ్ళెం వైపే చూశారు. లిసాండ్రో మనసులో ఒక కోరిక పుట్టింది, సిగ్గుపడాల్సిన కోరిక: నూనె రావాలి. ధారగా రావాలి. పళ్ళెం నిండాలి.

ఏమీ రాలేదు. వీల్ఫెర్ గొట్టంలో వేలు పెట్టి తిప్పి బయటికి తీశాడు. వేలు పొడిగా ఉంది.

"ఒక్క చుక్క లేదు" అన్నాడు. "రెండు గంటలు, దోన్ లిసాండ్రో! ఒక్క చుక్క!"

"మధ్యాహ్నానికి వానొస్తే మా మందుల గతేంటి?" అన్నాడు ఫ్రిజ్ మనిషి, ఎవరితోనూ అన్నట్టు కాకుండా.

మాగ్నోలియా దిగి వచ్చి లిసాండ్రో పక్కన నిలబడింది. "ఒక్కటి అడుగుతాను. చరిచినప్పుడు నూనె అనుకున్నారా, భుజమనుకున్నారా?"

"తెలీలేదమ్మా. తెలీకుండానే చరిచాను."

"నేను విని స్విచ్చి మీద చెయ్యి పెట్టాను" అంది. కోపంగా అనలేదు. మళ్ళీ అంది, "నేను ఆ చప్పుడు విన్నాక ఇంకేమీ చూసుకోను, దోన్ లిసాండ్రో."

"తెలుసు."

"మీరు ఆపకపోయినా ఏమీ అయ్యేది కాదు. ఇంజన్ పొడిగానే ఉంది."

"అది ఇప్పుడు తెలిసింది."

ఆమె తల ఊపింది. అతని కుడిమోచేతిని వేళ్ళ చివర్లతో ముట్టుకుని, విమానం ఎక్కేసింది.

ప్లగ్గులు బిగించాక వీల్ఫెర్ తిప్పాడు. పన్నెండు ఆకులు, నీళ్ళు తాగినంత తేలిగ్గా. పన్నెండోది అయ్యాక చెయ్యి గాల్లో ఉంచి లిసాండ్రో వైపు చూశాడు. ఇన్నేళ్ళుగా చరిచింది లిసాండ్రోయే. లిసాండ్రో చూపు పక్కకి తిప్పుకున్నాడు. తిప్పినవాడే చరవాలి. వీల్ఫెర్ చరిచాడు, అవసరానికి మించి గట్టిగా. విమానం పదకొండింటికి లేచింది. వాన దాని వెనకాలే వచ్చింది గానీ అందుకోలేకపోయింది. లిసాండ్రో ఎర్ర పీలికల మేకుల్ని ఎడంచేత్తో పట్టుకుని, దుమ్ము వాలేదాకా నిలబడి, షెడ్డులోకి వెళ్ళి వాటిని గోడ మేకుకి తగిలించాడు. తర్వాత ఎవరూ పిలవకముందే యజమాని గదికి వెళ్ళాడు.

"చెప్పే రోజు వచ్చింది" అన్నాడు.

యజమాని విని, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఎవరూ చూడలేదు కదా, దోన్ లిసాండ్రో. మెల్లగా భుజం సంగతే చెప్పుంటే సరిపోయేదిగా."

దానికి సమాధానం కుస్తోదియో నిప్పుల ముందు గడిపిన పందొమ్మిదేళ్ళంత పొడుగు ఉంది. లిసాండ్రో టోపీని చేతిలో రెండుసార్లు తిప్పి, "కుర్చీకి మెత్త ఉందా?" అని అడిగాడు.

గేటు గది షెడ్డు గది కంటే చిన్నది, పొడిగా ఉంటుంది. లారీల నంబర్లు రాసుకోవడానికి ఒక పుస్తకం, పైకీ కిందికీ పోయే ఒక తాడు. లారీవాళ్ళు అతన్ని "తాతా" అనేవాళ్ళు, పేరు అడగకుండా. బెర్తీల్దా బండి గేటు దాకా రాదు. ఇటు ఎత్తు. మొదటివారం రెండుసార్లు తోసుకొచ్చింది, తర్వాత ఆమె మోకాళ్ళు కూడా ఒప్పుకోలేదు. గోదాముల వెనకనుంచి ఇంజన్ల చప్పుడు అతని చెవులకు సరిగా అందదు. అయితే కుర్చీ ఇనపకాళ్ళు సిమెంటు మీద ఉంటాయి. పొద్దున ఆరున్నరకి ఆ కాళ్ళలోంచి సన్నటి వణుకు పైకి వస్తుంది. ముందు కుడిపక్కది, తర్వాత ఎడంపక్కది. ఆ వణుకు వచ్చేదాకా అతను పుస్తకంలో ఏమీ రాయడు. లారీ వచ్చి హారన్ కొట్టినా కాసేపు ఆగమని చెయ్యి చూపిస్తాడు. ఎందుకో లారీవాళ్ళకు అర్థం కాదు. తాతకి చాదస్తం అనుకుంటారు.

కుస్తోదియో పందొమ్మిదేళ్ళూ నిప్పుల ముందు నిలబడి దేనికోసం చెవి పెట్టేవాడో ఇప్పుడు అర్థమయింది. ఆ మాంసం బండి ఉన్న చోటు మీదుగానే విమానాలు లేచేవి. ఒక్కో చప్పుడు దాటిపోయేదాకా ముసలాయన కత్తి ఆగేది. అది అలసట అనుకునేవాడు లిసాండ్రో.

జూన్‌లో, వానలు బాగా పడుతున్నప్పుడు, ఒక పొద్దున ఆరున్నర దాటింది. వణుకు రాలేదు. ఏడయింది. లారీ ఒకటి వచ్చింది, పంపించేశాడు. ఏడున్నర. కుర్చీలోంచి లేచి, గోదాముల మలుపు దాకా నడిచి, గేటు వదిలి వెళ్ళకూడదని గుర్తొచ్చి తిరిగి వచ్చాడు. ఎనిమిదికి కొంచెం ముందు మలుపులో వీల్ఫెర్ కనపడ్డాడు. చేతిలో పాలపొడి డబ్బా, ఒలకకుండా చూసుకుంటూ, పెళ్ళివారింట పాయసం మోస్తున్నట్టు నడిచి వస్తున్నాడు.

వచ్చి డబ్బాని కుర్చీ పక్కన పెట్టాడు. సగానికి పైగా నల్లటి నూనె.

"ఇదిగో, దోన్ లిసాండ్రో, మీ నూనె. మూడు నెలలు ఆలస్యంగా వచ్చింది."

లిసాండ్రో వంగి వాసన చూశాడు. వేలు ముంచి, బొటనవేలితో రుద్దాడు. "ఎడంపక్కదా?"

"ఎడంపక్కదే. ఏడో ఆకు దగ్గర ఆగింది. గోడకి తగిలినట్టు." వీల్ఫెర్ గడప మీద కూర్చుని బట్టతల తుడుచుకున్నాడు. "ఫ్రిజ్ మనిషి మళ్ళీ వచ్చాడు ఇవాళ. ఈసారి మంచం పట్టుకొచ్చాడు. తొందర, తొందర అని నా ప్రాణం తీశాడు. నిజం చెప్పనా? ఒక్క జానెడు వెనక్కి తోద్దామా అనిపించింది. అటూ ఇటూ చూశాను కూడా."

"ఊఁ."

"మీరు ఆ చేతిని లాగి పైకెత్తుకున్నారే, అది కళ్ళ ముందుకొచ్చింది. చచ్చినట్టు ప్లగ్గులు విప్పాను." నవ్వాడు. "మీరు రోజంతా ఇక్కడ ఏం చేస్తారు?"

"లారీలు లెక్కపెడతాను."

"దెబ్బలు వినపడతాయా ఇక్కడికి?"

"లేదు. అంత దూరం రావు."

వీల్ఫెర్ లేవబోతున్నాడు. లిసాండ్రో నోటి దాకా కుస్తోదియో పేరు వచ్చింది. ఎవరికైనా చెప్పదగ్గ మనిషి ఉంటే ఇతనే. ఎనిమిదో ఆకు, తాటిచెట్లు, కేకు పెట్టె, తను రెక్క కింద గొంతుక్కూర్చుని ఉండటం. "వీల్ఫెర్" అన్నాడు.

"చెప్పండి."

మలుపు దగ్గరనుంచి ఎవరో ఈల వేశారు. మాగ్నోలియా మనిషిని పంపింది. ప్లగ్గులు బిగించాలి, లా గార్సాలో బురద.

"వస్తున్నా!" అని అటు అరిచి, ఇటు తిరిగి, "ఏంటి, దోన్ లిసాండ్రో?" అన్నాడు, ఒక కాలు అప్పటికే ముందుకు వేసి.

"డబ్బా రేపు పట్టుకుపో" అన్నాడు లిసాండ్రో.

"ఉంచుకోండి. మీదే అది."

వీల్ఫెర్ వెళ్ళిపోయాడు. లిసాండ్రో కుర్చీలో కూర్చుని రెండు పాదాలూ సిమెంటుకి ఆనించాడు. గేటు ముందు సోడాల లారీ వచ్చి ఆగింది. డ్రైవరు హారన్ కొట్టాడు. లిసాండ్రో ఎడంచెయ్యి ఎత్తి ఆగమన్నాడు. డబ్బాలో నూనె కదలకుండా నల్లగా ఉంది. అందులో గేటు తాడూ, కొంచెం ఆకాశమూ కనపడుతున్నాయి. ఆకు తర్వాత ఆకు తన లోపలే లెక్కపెట్టుకున్నాడు. పన్నెండు దాకా పోయి, ఆగి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. నాలుగోసారి తొమ్మిది దగ్గర ఉండగా నూనె మీద సన్నటి ముడత లేచింది. వణుకు ఇంకా కుర్చీకి అందలేదు. నూనెకే ముందు తెలిసింది.

కుడిపక్కది. కాసేపటికి ఎడంపక్కది.

హారన్ మళ్ళీ మోగింది. లిసాండ్రో లేచి తాడు పైకెత్తి, పుస్తకం తెరిచి, లారీ నంబరు రాసుకున్నాడు.